కోడ్ రాకపోయినా సర్వర్ నడపవచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్లగొండలో బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసి, ప్రస్తుతం ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో దరఖాస్తులు నింపే పని చేస్తున్నాను. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ కావాలని కోరిక. ఈసారి పత్తి చేతికి రాలేదు. అమీర్‌పేటలో కోర్సు ఫీజు, హాస్టల్ ఖర్చు మా నాన్న భరించలేరు. ఓపెన్ సోర్స్‌లో పనిచేస్తే అనుభవం వస్తుందని ఒక సీనియర్ చెప్పారు. నాకు ప్రోగ్రామింగ్ అంతంతమాత్రం. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంది. దారి ఉందా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ఉందమ్మా. మీ సీనియర్ సగం చెప్పి వదిలేశారు, అంతే. ఓపెన్ సోర్స్ అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్. ఆ మాట అనగానే కోడ్ రాయడమే అనుకుంటారు అందరూ. రాసినదాన్ని రాత్రీ పగలూ నిలబెట్టేవాళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాదు. మన చెరువుల కింద నీరటి ఉండేవాడు. చెరువు తవ్వింది అతను కాదు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత పారాలో తెలిసింది మాత్రం అతనికే. కట్టకు బుంగ పడితే మొదట కనిపెట్టేదీ అతనే. మీరు కోరుకుంటున్నది ఆ ఉద్యోగం.

ల్యాప్‌టాప్ గురించి బెంగ వద్దు. అందులో డెబియన్ వేయండి. 1993లో మొదలై ఇప్పటికీ స్వచ్ఛంద కార్యకర్తల చేతుల్లోనే ఉన్న లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్ అది. డెస్క్‌టాప్ అనే బొమ్మల తెర లేకుండా, ఆదేశాలు టైపు చేసే తెరతోనే వేస్తే నాలుగు జీబీ ధారాళంగా సరిపోతుంది. నల్లటి తెర చూసి భయపడకండి. ల్యాప్‌టాప్‌ను ఒక మూల పెట్టి, మీ ఫోను నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మరో యంత్రంలోకి భద్రంగా వెళ్లే పద్ధతి) ద్వారా లోపలికి వెళ్లండి. సర్వర్ ఒకచోట, మనం ఒకచోట ఉండి పనిచేయడం మొదటి రోజే అలవాటవుతుంది. దాని మీద ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాం పెట్టి చిన్న వెబ్‌సైటు నడపండి. రోజూ బ్యాకప్ తీసేలా అమర్చండి. ఆ బ్యాకప్‌ను వెనక్కి తెచ్చి కూడా చూడాలి. ఈ చివరి పని చాలా కంపెనీల్లోనే చేయరు, మీరు చేయండి.

ఆ తర్వాత దాన్ని కావాలని పాడుచేయండి. ఇంటర్వ్యూల్లో నేను అడిగే ఒక చిక్కు చెబుతాను. డిస్కు సగం ఖాళీగా ఉంది. ఖాళీ ఎంత ఉందో చూపే డీఎఫ్ ఆదేశం ఇచ్చి చూసినా అదే చెబుతోంది. అయినా కొత్త ఫైలు పెట్టబోతే ‘చోటు లేదు’ అని మొరాయిస్తోంది. ఎందుకు? లైనక్స్‌లో డిస్కులో ఫైళ్లను అమర్చడానికి ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 పద్ధతిలో ప్రతి ఫైలుకూ ఐనోడ్ అనే నమోదు ఒకటి కావాలి. ఆ నమోదులు ఎన్ని ఉండాలన్నది డిస్కును ఫార్మాట్ చేసినప్పుడే తేలిపోతుంది. ఏదో వెబ్‌సైటు లక్షల కొద్దీ చిన్నచిన్న సెషన్ ఫైళ్లు పోగేసి వాటన్నిటినీ మింగేసింది. అదే డీఎఫ్‌కు ‘మైనస్ ఐ’ తగిలించి అడిగితే నూరు శాతం నిండిందని చూపిస్తుంది. ఇది తెలియని అభ్యర్థిని నేను తిప్పి పంపను. ‘తర్వాత ఏం చూస్తారు?’ అన్నప్పుడు మౌనంగా కూర్చునేవారిని మాత్రం తీసుకోను.

ఒక హెచ్చరిక. ఈ ప్రయోగాలు మీ సెంటర్ కంప్యూటర్ మీద వద్దు. జనం ఆధార్ నకళ్లు అందులో ఉంటాయి.

ఇక ఓపెన్ సోర్స్. మొదటి మెట్టు, మీరు వాడుతున్న ప్రోగ్రాంలో కనిపించిన లోపాన్ని దాన్ని తయారుచేసినవారికి తెలియజేయడం. ‘ప్రింటర్ పనిచేయడం లేదు’ అని రాస్తే ఎవరూ పలకరు. ఏ వెర్షన్, ఏ మోడల్, మీరు ఇచ్చిన ఆదేశం ఏమిటి, ఏం జరగాలి, ఏం జరిగింది, ఆ క్షణంలో లాగ్‌లో, అంటే యంత్రం రాసుకునే చిట్టాలో, పడిన వరుస ఏది, ఇవన్నీ కావాలి. సర్వే నంబరులో ఒక అంకె తప్పితే దరఖాస్తు ఎలా తిరిగివస్తుందో చూసినవారు మీరు. ఈ పని మీకు ఇంజినీరింగ్ వాళ్ల కంటే బాగా వస్తుందని నా నమ్మకం. లాగ్ పంపే ముందు అందులో పాస్‌వర్డులు, పేర్లు ఉంటే తీసేయండి. ఇంగ్లిష్ చిన్నచిన్న వాక్యాల్లో ఉన్నా చాలు. కొన్నిటికి జవాబే రాదు, నొచ్చుకోకండి.

రెండో మెట్టు అసలైనది. పెద్ద ప్రాజెక్టులకు సొంత సర్వర్లు ఉంటాయి, వాటి అమరికలు చాలావరకు బహిరంగమే. వికీపీడియా సర్వర్లను ఎలా అమర్చారో పప్పెట్ అనే సాధనంలో రాసి, పాస్‌వర్డుల వంటి రహస్యాలు తప్ప మిగతాది అందరికీ కనిపించేలా ఉంచారు. ఫెడోరా అనే మరో లైనక్స్ వాళ్లు అలాంటిదే ఆన్సిబుల్ అనే సాధనంలో రాస్తారు. కొత్తగా వచ్చే కార్యకర్తల కోసం ఫెడోరా సర్వర్ల బృందంలో అప్రెంటిస్ ఏర్పాటు కూడా నడిచింది: లోపలికి వెళ్లి చూడవచ్చు, దేన్నీ మార్చలేరు. నిజమైన సర్వర్లను ఇలా చూపించే కోర్సు అమీర్‌పేటలో ఎంత ఫీజు కట్టినా దొరకదు. ఏదో ఒక ప్రాజెక్టునే పట్టుకోండి. నాలుగింటిలో పేరు నమోదు చేసుకుని దేనిలోనూ కనిపించనివారిని చాలామందిని చూశాను.

ఈ పనికి ఎలాంటి బుద్ధి కావాలో 2024 మార్చిలో లోకమంతా చూసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకు తన డెబియన్ యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతున్నట్టు అనుమానం వచ్చింది. అర సెకనే కదా అని ఊరుకోకుండా తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టినట్టు బయటపడింది. ఆ పెట్టినవారు రెండేళ్లకు పైగా మంచి కార్యకర్తలా నటించి, ప్రాజెక్టులో నమ్మకం సంపాదించుకున్నవారే. అందుకే కొత్తవారికి ఎవరూ తాళాలు వెంటనే ఇవ్వరు. మిమ్మల్ని కొన్నాళ్లు దూరం పెడితే అవమానం అనుకోకండి.

డబ్బు మాట దాచను. ఇందులో జీతం రాదు. సెంటర్ పని మానకండి, సాయంత్రాలు దీనికి కేటాయించండి. పరిష్కరించిన ప్రతి చిక్కునూ తేదీ వేసి రాసుకోండి. దరఖాస్తులో ‘లైనక్స్ తెలుసు’ అనే వరుస తీసేసి, మీరు పంపిన లోపాల వివరాలు, ప్రాజెక్టు వివరణ పత్రాల్లో మీరు సరిదిద్దినవాటి లింకులు పెట్టండి. నేనైతే ముందు అవే తెరిచి చూస్తాను.

ప్రశ్న: రెడ్‌హ్యాట్ సర్టిఫికెట్ లేకపోతే ఉద్యోగం రాదంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: రాదనడం అబద్ధం. ఉంటే మొదటి వడపోతలో పనికొస్తుందన్నది నిజం. లైనక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ ఇచ్చే సర్టిఫికెట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ. దాని పరీక్షలో టిక్కులు పెట్టే ప్రశ్నలు ఉండవు. నడుస్తున్న యంత్రం ఇచ్చి పనులు చేయమంటారు. మీరు చేసిన మార్పులు రీబూట్ తర్వాత కూడా నిలవాలి, బట్టీ పట్టినవారు తప్పేది అక్కడే. ఫీజు కట్టే ముందు ఆల్మా లైనక్స్ గానీ రాకీ లైనక్స్ గానీ ఉచితంగా దించుకుని సాధన చేయండి. రెడ్‌హ్యాట్‌కు దగ్గరగా ఉండేలా తయారైనవే రెండూ. పాత సెంటాస్ 7 అనే లైనక్స్ మీద పాఠాలు చెప్పే శిక్షణ కేంద్రానికి మాత్రం డబ్బు కట్టకండి. దాని మద్దతు 2024 జూన్ 30తోనే ముగిసింది.