రెండు రూపాయల వడ్డీ అప్పు ఉండగా చీటీ ఇప్పుడే ఎత్తాలా, చివరిదాకా ఆగాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయుడిని, జీతం 38,000 రూపాయలు. నా భార్య ఇంట్లోనే బట్టలు కుట్టి నెలకు 20,000 రూపాయల వరకు సంపాదిస్తుంది. రెండేళ్ల క్రితం చెల్లెలి పెళ్లికి తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చాను. నెలనెలా 8,000 వడ్డీ కడుతున్నాను, అసలు అలాగే ఉంది. మా వీధిలోని ఒక పెద్దావిడ దగ్గర 5 లక్షల చీటీ వేశాను. 20 మంది సభ్యులం, 20 నెలలు, నెలకు 25,000. ఆవిడ ప్రతి చీటీకి 25,000 కమీషన్ తీసుకుంటారు. 6 నెలలు పూర్తయ్యాయి, డివిడెండ్ (పాటలో వదులుకున్న సొమ్ములో కమీషన్ పోను అందరికీ పంచే వాటా) పోను ఇప్పటివరకు 1,15,000 కట్టాను. ఈ నెల పాట 1,10,000 దగ్గర పోయేలా ఉంది. పాడుకుని అప్పు తీర్చేద్దామని నా ఆలోచన. తొందరపడి డబ్బు పోగొట్టుకోవద్దు, చివరి చీటీ ఎత్తితే 4,75,000 వస్తుంది అని బావగారు అంటున్నారు. ఆవిడ పదిహేనేళ్లుగా చీటీలు నడుపుతున్నారు, రిజిస్ట్రేషన్ మాత్రం లేదు. నా భార్యకు 9 తులాల బంగారం ఉంది, దాన్ని కుదువ పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు అంకెలన్నీ వివరంగా రాసినందువల్ల లెక్క కట్టి చెప్పడం వీలవుతోంది. ఈ నెల పాట 1,23,000 రూపాయల లోపు దొరికితే చీటీ ఎత్తి, ఆ సొమ్ముతో రెండు రూపాయల వడ్డీ అప్పును పూర్తిగా తీర్చేయమన్నదే నా సలహా. బావగారి మాటలో నిజం ఉంది, అయితే అది అప్పు లేని మనిషికి వర్తించే నిజం.

ముందుగా ఒక సంగతి గమనించండి. మీరు చీటీ ఇప్పుడు ఎత్తినా, చివరలో ఎత్తినా, ఇకమీదట నెలనెలా కట్టవలసిన వాయిదాలు మారవు. ఎత్తినవారికీ ఎత్తనివారికీ డివిడెండ్ సమానంగానే పంచుతారు కనుక, రెండు దారుల్లోనూ మీ జేబులోంచి పోయేది ఒక్కటే. ఇప్పటిదాకా కట్టిన 1,15,000 కూడా ఏ దారిలోనైనా కట్టేసిన సొమ్మే. కాబట్టి మీరు పోల్చి చూడవలసినవి రెండే అంకెలు: 5 లక్షల్లో పాట 1,10,000 పోను ఈ నెల చేతికి వచ్చే 3,90,000, పదమూడు నెలల తర్వాత ఇరవయ్యో నెలలో కమీషన్ 25,000 మాత్రమే పోను చేతికి వచ్చే 4,75,000. తేడా 85,000 రూపాయలు. ముందుగా తీసుకున్నందుకు మీరు చెల్లిస్తున్న వడ్డీ ఇదే. 3,90,000 మీద పదమూడు నెలలకు 85,000 అంటే నూటికి నెలకు సుమారు రూపాయి అరవై ఎనిమిది పైసలు పడుతుంది.

అదే 3,90,000 రూపాయల అప్పు మీద మీరు ఇప్పుడు నెలకు 7,800 వడ్డీ కడుతున్నారు. పదమూడు నెలలకు అది 1,01,400 అవుతుంది. చీటీ ఎత్తితే 85,000 వదులుకుని 1,01,400 మిగుల్చుకుంటారు కనుక, నికరంగా 16,400 రూపాయలు మీకే మేలు. బావగారి లెక్కలో 85,000 పోతున్నట్టు కనిపించడానికి కారణం, ఆగిన పదమూడు నెలలూ మీరు బయట కడుతూ ఉండే వడ్డీని ఆయన లెక్కలోకి తీసుకోకపోవడమే.

ఇంకో కోణంలోనూ చూడండి, ఎందుకంటే ఈ పొరపాటు ఎన్నో ఇళ్లలో జరుగుతోంది. రాబోయే నెలల్లో పాట క్రమంగా తగ్గుతూ చివరి నెలకు కమీషన్ మాత్రమే మిగిలే స్థితికి వస్తుందనుకుంటే, ఇరవై నెలల్లో మీరు కట్టే మొత్తం సుమారు 4,35,000 అవుతుంది, చివరి చీటీ ఎత్తితే వచ్చేది 4,75,000. ఏ నెల కట్టిన సొమ్ము ఎన్ని నెలలు అక్కడ ఉందో చూసి లెక్కిస్తే, చివరిదాకా ఆగిన సభ్యుడికి గిట్టేది నూటికి రూపాయి వడ్డీ. అంటే మీరు రెండేళ్లుగా రెండు రూపాయల వడ్డీకి అప్పు మోస్తూ, మరో పక్క రూపాయి వడ్డీకి పొదుపు చేస్తున్నారు. పొదుపు చేయాలన్న మీ పట్టుదల గొప్పదే, నెలనెలా ఇంత సొమ్ము పక్కన పెట్టడం 58,000 ఆదాయం మీద తేలిక కాదని నాకు తెలుసు. ఆ కష్టం ఫలించాలంటే అది ముందుగా ఆ అప్పు మీదికే వెళ్లాలి.

ఇక బంగారం విషయం. కేవలం అంకెలే చూస్తే దీనికంటే మెరుగైన మూడో దారి కూడా ఉంది. బ్యాంకులో ఏడాదికి 10 శాతం వడ్డీకి బంగారం మీద అప్పు దొరికితే, దానితో ప్రైవేటు అప్పు తీర్చి, చీటీని చివరిదాకా ఆపవచ్చు. 3,90,000 మీద పదమూడు నెలలకు బ్యాంకు వడ్డీ సుమారు 42,250 అవుతుంది, ఆగినందుకు చీటీలో 85,000 అదనంగా వస్తుంది, కాబట్టి 42,750 మిగులుతుంది. మీ చీటీ రిజిస్టరైనదైతే, మీ భార్యకు సమ్మతమైతే, నేను ఇదే చెప్పేవాడిని. బంగారం ఆమెది కనుక ఆ మాట ఆమెదే అవుతుంది, ఒత్తిడి చేయవద్దని కోరుతున్నాను.

అయితే మీ చీటీకి రిజిస్ట్రేషన్ లేదు. ఈ ఒక్క కారణం చేతనే నేను ఆ 42,750 రూపాయలను వదులుకోమంటున్నాను. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ నడిపేవారు ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, చీటీ మొత్తానికి సరిపడే హామీని రిజిస్ట్రార్ పేరిట ఉంచాలి, సభ్యులతో చేసుకున్న ఒప్పందాన్ని నమోదు చేయించాలి. చీటీ నడిపేవారి (ఫోర్‌మన్) కమీషన్‌కు కూడా పరిమితి ఉంది, 2019 సవరణతో అది 5 శాతం నుంచి 7 శాతానికి పెరిగింది. తగాదా వస్తే రిజిస్ట్రార్ ముందుకు వెళ్లవచ్చు. మీ వీధి చీటీలో ఈ రక్షణలేవీ లేవు. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల వరకు ఉండే బీమా ఏ చీటీకీ వర్తించదు, రిజిస్టరైనదానికి కూడా.

ఆ పెద్దావిడ నిజాయితీని నేను శంకించడం లేదు. పదిహేనేళ్లు మాట నిలబెట్టుకున్న మనిషికి వీధిలో ఉండే గౌరవం ఊరికే రాదు. కానీ చీటీ ఆగిపోవడానికి నడిపేవారి దురుద్దేశమే ఉండనక్కరలేదు. ముందుగా ఎత్తుకున్న ఇద్దరు ముగ్గురు సభ్యులు వాయిదాలు కట్టడం మానేస్తే, ఆ లోటును ఆవిడ సొంత డబ్బుతో పూడ్చవలసి వస్తుంది. ఇంట్లో పెద్ద జబ్బు వచ్చినా, ఆవిడే మంచాన పడినా, పుస్తకంలోని లెక్కలు మరొకరికి తెలియకపోయినా ఇదే పరిస్థితి ఎదురవుతుంది. అప్పుడు నష్టపోయేది ఇంకా ఎత్తని సభ్యులే, చివరి వరుసలో ఉన్నవారు అందరికంటే ఎక్కువగా. ఒక్కరి మాట మీద 4,75,000 రూపాయలను పదమూడు నెలలు వదిలిపెట్టినందుకు 42,750 చాలని నాకు అనిపించడం లేదు. మీ కుటుంబానికి ఆ 4,75,000 ఎనిమిది నెలల ఆదాయం.

పాటకు వెళ్లేముందు మీ హద్దు నిర్ణయించుకుని వెళ్లండి. అక్కడ ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోయే వేడిలో లెక్క మరిచిపోవడం మామూలే. ఈ నెల 1,23,000 దగ్గర మీరు వదులుకునేదీ, మిగుల్చుకునే వడ్డీ సమానమవుతాయి. అది దాటితే ఆగడమే నయం. బడులు తెరిచే జూన్‌లోనూ, దసరా ముందూ డబ్బు అవసరం ఉన్నవారు ఎక్కువై పాట పెరగవచ్చు. మీ పాట అటువంటి నెలలో పడితే ఈ హద్దును మరింత గట్టిగా పట్టుకోండి.

చీటీ ఎత్తిన తర్వాత సొమ్ము ఏ తేదీన చేతికిస్తారో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. ప్రతి నెల ఆలస్యం మీకు 8,000 రూపాయల వడ్డీ. చీటీ నడిపేవారి నుంచి ఒక ప్రత్యేకమైన మాట మీ చెవిన పడవచ్చు: "మీ డబ్బు నా దగ్గరే ఉంచండి, రూపాయిన్నర వడ్డీ ఇస్తాను" అని. ఈ మాట ఎంత ఆప్యాయంగా చెప్పినా అంగీకరించకండి. పాట పాడి ఎత్తిన సొమ్మును మళ్లీ అక్కడే వదిలేసినవారు, పాట నష్టాన్నీ భరించి అసలునూ పోగొట్టుకున్న సందర్భాలను నా దగ్గరికి వచ్చినవారి అనుభవాల్లో చూశాను. అలాగే స్నేహితులు ప్లాటుకు అడ్వాన్సు ఇవ్వమనే సమయం కూడా ఇదే. డబ్బు మీ ఖాతాలో రెండు రోజులకు మించి నిలవకుండా చూసుకోండి. హామీగా ఆవిడ మిమ్మల్ని ప్రామిసరీ నోటు అడగడం సబబే, అందులో మొత్తం, తేదీ రాసి ఉండాలి. ఖాళీ చెక్కుల మీద సంతకాలు మాత్రం చేయవద్దు.

మీ అప్పు 4 లక్షలు, చేతికి వచ్చేది 3,90,000. మిగిలిన 10,000 ఎలాగైనా సర్ది ఒకేసారి పూర్తిగా తీర్చేయండి. తెలిసినవారే కదా అని నోట్ల కట్టలు తీసుకుని వెళ్లకండి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీర్చకూడదు, బ్యాంకు ద్వారానే పంపాలి. రేపు ఎవరైనా ముట్టలేదంటే మీ దగ్గర ఆధారం కూడా అదే. అదే రోజు మీరు రాసిచ్చిన ప్రామిసరీ నోటు మీద చెల్లు రాయించుకుని, నోటును వెనక్కి తీసుకోండి. నోటు కనబడడం లేదు, తర్వాత ఇస్తామంటే, పూర్తిగా ముట్టినట్టు సాక్షుల సంతకాలతో రసీదు రాయించుకున్న తర్వాతే ఇంటికి రండి.

మరుసటి నెల నుంచి ఆ 8,000 మీ ఇంట్లోనే మిగులుతుంది, కానీ అదంతా ఖర్చుకు మిగిలినట్టు భావించకండి. పాటలు తగ్గేకొద్దీ డివిడెండ్ తగ్గి, ఇప్పుడు 20,750 దగ్గర ఉన్న మీ వాయిదా చివరి నెలలకు 25,000కు చేరుతుంది. పెరిగే ఈ 4,250కి చోటు ముందే కేటాయించండి. మిగతాది బ్యాంకులో కానీ పోస్టాఫీసులో కానీ రికరింగ్ డిపాజిట్‌గా వేస్తూ, కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు కూడేవరకు దాన్ని ముట్టుకోకండి. అది లేకపోవడం వల్లే కదా, పెళ్లి ఖర్చుకు రెండు రూపాయల వడ్డీ దాకా వెళ్లవలసి వచ్చింది. ఈ చీటీ ముగిసిన తర్వాత మరొకటి వేయాలనుకుంటే, స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ కింద పనిచేసే చిట్స్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదైన సంస్థలోనే వేయండి, మీ పేరున్న ఒప్పందం నకలు అందిన తర్వాతే మొదటి వాయిదా కట్టండి.

ఈ నెల పాట మీ హద్దు దాటిపోతే నిరాశపడకండి, వచ్చే నెల మళ్లీ వెళ్లండి. నెలలు తగ్గేకొద్దీ మిగుల్చుకునే వడ్డీ తగ్గుతుంది కనుక హద్దు కూడా తగ్గుతుంది: ఎనిమిదో నెలకు సుమారు 1,17,000, తొమ్మిదో నెలకు సుమారు 1,10,500. అప్పటికీ చీటీ దొరకకపోతే, పాట వివరాలతో మళ్లీ రాయండి, బంగారం మాట అప్పుడు మీ ఇద్దరూ కలిసి ఆలోచించవచ్చు.