"అన్నేళ్లు ఎందుకు ఉన్నారు?" అని అడిగితే

ఆరేళ్ల కాపురంలో కొట్టడం, తిట్టడం, ఎవరితోనూ మాట్లాడనివ్వకపోవడం అన్నీ భరించి, ఎనిమిది నెలల క్రితం బయటికి వచ్చేశాను. కొట్టిన ప్రతిసారీ ఆయన "తప్పంతా నీదే" అనేవారు. రాత్రిళ్లు నిద్ర పట్టక, ధైర్యం చేసి ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్లాను. అరగంట విన్నాక ఆవిడ "మరి అన్నేళ్లు ఎందుకు ఉన్నారు? గొడవల్లో మీ పాత్ర ఏమిటో ఆలోచించారా?" అన్నారు. నిద్ర సంగతి మాటల్లోకే రాలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు ఏడ్చాను. నేనే అతిగా బాధపడుతున్నానా?

లేదమ్మా. ఆరేళ్లు ఇంట్లో విన్న మాటే గొంతు మార్చుకుని మళ్లీ వినిపిస్తే గుచ్చుకోదా? అదీ, సాయం చేస్తారని నమ్మి వెళ్లిన చోట.

అన్నేళ్లు ఎందుకు ఉన్నారంటే, వెళ్లిపోవడం ఒక్క రోజులో తేలే పని కాదు కాబట్టి. కొట్టాక క్షమాపణ అడుగుతారు, ఈసారి మారతారేమో అనిపిస్తుంది. అయినవాళ్లను ఒక్కొక్కరినీ దూరం చేసేస్తారు. పైగా చాలామందికి ప్రాణాపాయం ఎక్కువయ్యేది సరిగ్గా ఇల్లు విడిచే సమయంలోనే. ఇక ఆ రెండో ప్రశ్న. మాటా మాటా పెరగడంలో ఇద్దరికీ భాగం ఉండొచ్చు. చెయ్యెత్తడం మాత్రం ఎత్తినవాడి నిర్ణయమే.

మానసిక వైద్యులు రోగ నిర్ధారణకు ప్రమాణంగా చూసే డీఎస్ఎం-5 అనే పుస్తకం (2013), ఇలాంటి దెబ్బ తిన్నవాళ్లు జరిగినదానికి తమనే నిందించుకోవడాన్ని ఆ మానసిక గాయం లక్షణాల్లో ఒకటిగా చెబుతుంది. ఆ నిందను తగ్గించాల్సిన చోట ఇంకొంచెం పెంచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే ఏడాది వైద్య సిబ్బందికి మార్గదర్శకాలు ఇచ్చింది: తీర్పు చెప్పకుండా వినండి, చెప్పమని ఒత్తిడి చేయకండి అని.

ఒకటి ఒప్పుకోవాలి. ఈ కౌన్సెలింగ్ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ ఒకామెను "ఎందుకు ఉన్నారు?" అనే అడిగాను. ఆమె మళ్లీ రాలేదు. "బయటికి రావడానికి ఏం అడ్డుపడింది?" అని అడిగి ఉండాల్సింది. ఇప్పటికీ ఆమె గుర్తొస్తుంది.

అందుకే, మనసొప్పితే ఆవిడకు ఒక్క అవకాశం ఇవ్వండి. "మీరలా అడిగితే తప్పు నాదే అన్నట్టు వినిపించింది" అని చెప్పండి, నోరు రాకపోతే కాగితం మీద రాసివ్వండి. ఆవిడ ఆగి, పొరపాటు ఒప్పుకుని, మీరు చెప్పేది వింటే కొనసాగించవచ్చు. "మీరు మరీ సున్నితం" అంటే లేచి వచ్చేయండి. మళ్లీ వెళ్లాలని లేకపోతే అసలు వెళ్లకండి. ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

కొత్తవారిని ఎంచుకునేముందు ఫోన్లోనే అడగండి, గృహహింస నుంచి బయటపడ్డవాళ్లతో పనిచేసిన అనుభవం ఉందా అని. ఇబ్బంది పడకుండా జవాబిస్తారో లేదో గమనించండి. ఆయన్నీ పిలిచి ఇద్దరినీ కూర్చోబెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆయన ఎదురుగా మీరు మనసు విప్పి మాట్లాడలేరు, మాట్లాడినా ఆ కోపం తర్వాత మీ మీదికే రావచ్చు.

ఆరేళ్ల కథంతా మొదటి రోజే చెప్పాల్సిన పని లేదు. మీరు వెళ్లింది నిద్ర కోసం కదా, కొత్తవారి దగ్గర అక్కడినుంచే మొదలుపెట్టండి. ఏ వేళకు మెలకువ వస్తోంది, అప్పుడు గుండె ఎలా కొట్టుకుంటోంది, ఏ చప్పుడుకు ఉలిక్కిపడుతున్నారు, అవి చెప్పండి. మిగతాది మీకు చెప్పాలనిపించినప్పుడు.