గాలం ప్రశ్నలు: బాస్ ఎక్కడ దాక్కుంటుంది?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, విస్కాన్సిన్‌లోని లా క్రాస్‌లో ఉంటాడు. జూన్‌లో వెళ్తున్నాను. మిసిసిపి నది బ్యాక్‌వాటర్‌లో లార్జ్‌మౌత్ బాస్ అనే చేప బాగా ఉంటుందట గానీ, పోయిన వేసవిలో వాడికి ఒక్కటీ పడలేదు. ఎక్కడ వెతకాలి? ఏం వేయాలి?
- ఒక విశ్రాంత ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఎర సంగతి తర్వాత, ముందు నీటి వడి చూడండి. లార్జ్‌మౌత్‌కు వడి గిట్టదు. పెద్ద పాయలో, రాళ్ల కట్టల పక్కన పడేది దాని దాయాది స్మాల్‌మౌత్. లా క్రాస్ దగ్గర నది 8వ నంబరు డ్యామువల్ల నిలిచి, లంకల మధ్య పాయలుగా, కలువ మడుగులుగా పరుచుకుని ఉంటుంది. మ్యాపులో ప్రతి మడుగూ ఊరిస్తుంది. చాలావాటిలో ఉండేది మోకాటి లోతు బురదే. ఎండాకాలం రాత్రుళ్లు నాచే ప్రాణవాయువును వాడేసుకుంటుంది, చేప నిలవదు. మూడు నుంచి ఆరడుగుల లోతు, పైన నీడ, దగ్గర్లో సన్నగా కదిలే నీరు... ఈ మూడూ కలిసిన చోటు కావాలి. కలువాకుల నడిమధ్యలో వేసి లాభం లేదు. ఆకుల అంచు లోపలికి వంపు తిరిగిన మూల, రెండు రకాల నాచు కలిసే గీత, ఆకుల్లో కూలిన దుంగ ముందు చూడండి.

రోజూ నది మట్టం ఎంతుందో చూసి బయల్దేరండి. అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉంటుంది. మట్టం పెరుగుతుంటే బాస్ మునిగిన గడ్డిలోకి, పొదల్లోకి ఎక్కుతుంది. తగ్గుతుంటే మడుగు నీరు పాయలోకి జారే మూతి దగ్గర కాచుకుంటుంది, ఎందుకంటే చిన్న చేపలు బయటికి రావాల్సింది ఆ దారినే. నీరు తీశాక కూడా నిన్న చేప పడిన గడ్డిలోనే గాలం వేయడం కొత్తవాళ్లందరూ చేసే పనే; మీ అబ్బాయికీ బహుశా అదే జరిగి ఉంటుంది.

దట్టమైన ఆకుల మీదికి బోలు రబ్బరు కప్ప వాడండి. ఏడడుగుల గట్టి రాడ్డు, 50 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన) దారం, దాన్ని కప్పకు కట్టడానికి పాలోమార్ అనే ముడి. సాగే నైలాన్ దారం ఇక్కడ వద్దు, గాలం దవడలో దిగదు. కప్పను ఆకుల మధ్య ఖాళీ దాటి అవతల వేసి, మెల్లగా లాగి, ఖాళీలో రెండు మూడు సెకన్లు ఆపండి. నీళ్లు ఎగజిమ్మగానే లాగారా, కప్ప ఒక్కటే వెనక్కొస్తుంది. రాడ్డు కొన దించి, వదులు దారం చుట్టి, బరువు తెలిశాకే గట్టిగా ఎత్తాలి. అయినా తప్పిపోతుంటే కప్ప కాళ్లను అంగుళం కత్తిరించండి, గాలం కొనలను ఒంటి నుంచి కాస్త బయటికి వంచండి. కడుపులో నీరు చేరితే పిండేయండి, లేకపోతే మునుగుతుంది.

ఆకులు పలచగా ఉన్నచోట 3/0 సైజు, మెడ వంపున్న ఆఫ్‌సెట్ గాలానికి అయిదంగుళాల రబ్బరు వానపాము, ముందు అయిదారు గ్రాముల గుండు. చాలాసార్లు కిందికి దిగుతుండగానే అందుకుంటుంది. దారం పక్కకు జరిగిందంటే అదే.

జూన్ మొదట్లో కొన్ని మగచేపలు గూళ్ల కాపలాలో ఉండొచ్చు. అలాంటిది పడితే అక్కడికక్కడే వదలండి, అది లేని కాసేపట్లోనే చిన్న చేపలు గుడ్లు తినేస్తాయి. పదహారేళ్లు నిండినవాళ్లకు లైసెన్సు తప్పనిసరి. మీరు సందర్శకులు కాబట్టి నాన్ రెసిడెంట్ లైసెన్సు అడగండి.

ప్రశ్న: ఆ రబ్బరు కప్ప ప్రకాశం బ్యారేజీ ఎగువన పనికొస్తుందా? ఇక్కడ బాస్ ఉందా?
- ఒక విద్యార్థి, తాడేపల్లి

జవాబు: కృష్ణలో లార్జ్‌మౌత్ లేదు. కప్ప మాత్రం కొర్రమీనుకు భేషుగ్గా పనికొస్తుంది. గుర్రపుడెక్క, తూడు అంచుల్లో, గట్టు నీడలో చూడండి. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకొస్తుంది. బుడగ లేచిన చోటికి కాదు, రెండు గజాలు అవతల వేసి బుడగ మీదుగా లాగండి. బాస్‌ను కింది దవడలో బొటనవేలు పెట్టి ఎత్తొచ్చు. కొర్రమీనుకు పళ్లున్నాయి, ఆ పని చేయకండి, పట్టుకారు వాడండి. వానాకాలంలో నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే తల్లీతండ్రీ కిందే ఉంటాయి. అప్పుడు అవి దేనిమీదికైనా ఎగబడతాయి, అందుకే అది వేట అనిపించుకోదు. అవి పోతే పిల్లలూ మిగలవు.

ప్రశ్న: పండుగప్పను సీబాస్ అంటారు కదా, విజయవాడలో ఎందుకు పడదు?
- ఒక పాఠకురాలు, మొగల్రాజపురం

జవాబు: పండుగప్ప సముద్రం దగ్గర ఉప్పునీళ్లలో పుట్టి, పెరగడానికి నదిలోకి ఎక్కుతుంది. 1957లో పూర్తయిన బ్యారేజీ ఆ దారికి అడ్డం. దిగువన నాగాయలంక, రేపల్లె వైపు పాయల్లో, పాటు నీరు తీస్తున్నప్పుడు పిల్లపాయల మూతుల దగ్గర ప్రయత్నించండి. దాని మొప్పల డిప్ప అంచు బ్లేడులాంటిది, దారాన్ని తెంచేస్తుంది. చివర అరమీటరు 40 పౌండ్ల మందపు నైలాన్ కట్టండి. అభయారణ్యం పరిధిలోని మడ అడవుల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు.