ఉమ్మడి సర్వర్ల పనితీరుకు సగటు నిరీక్షణ కాలం ఒక్కటే కొలమానమా?

రెండు క్యూలకు ఉమ్మడిగా కొన్ని సర్వర్లను పెట్టి, ఏ క్యూ పెరిగితే అటు మళ్లిస్తున్నామని, దీని పనితీరు తేల్చడానికి సగటు నిరీక్షణ కాలం, సర్వర్ల వినియోగ శాతం చూస్తే చాలునా అని మీరు అడిగారు. చాలవు. ముఖ్యంగా వినియోగ శాతం, మళ్లింపు ఉన్న వ్యవస్థలో, మనల్ని నేరుగా తప్పుదారి పట్టిస్తుంది.

ఉమ్మడి వాడకం వల్ల లాభం ఉన్నమాట నిజమే. రాకలు, సేవా సమయాలు యాదృచ్ఛికంగా ఉండే, క్యూల సిద్ధాంతంలో ఎమ్/ఎమ్ అని పిలిచే మామూలు నమూనాలో, సగటున 1 నిమిషం పట్టే పనులతో 90 శాతం భారం మోస్తున్న రెండు విడివిడి సర్వర్ల దగ్గర సగటు నిరీక్షణ 9 నిమిషాలు. ఆ రెండింటికీ కలిపి ఒకే క్యూ పెడితే అది సుమారు 4.3 నిమిషాలకు దిగుతుంది. అయితే ఆ లెక్కలో సర్వరు ఒక రకం పని నుంచి మరో రకానికి మారడానికి పట్టే సమయం సున్నా.

నేను పనిచేసిన ఒక సాఫ్ట్‌వేర్ బృందంలో చిన్న సందేశాలకు ఒక క్యూ, పెద్ద నివేదికలకు మరొకటి ఉండేవి. రద్దీ పెరిగిన ఒక సాయంత్రం డాష్‌బోర్డులో వినియోగం నూటికి నూరుకు దగ్గరగా కనిపిస్తుండగా, పూర్తవుతున్న పనుల సంఖ్య మాత్రం అంతకంతకూ పడిపోతోంది. ఒక సర్వరు లాగ్ తెరిచి వరుసగా చదివాను: కొన్ని సందేశాలు, నివేదికల డేటా లోడింగ్, రెండే రెండు నివేదికలు, ఆ డేటా తీసేసి మళ్లీ సందేశాలకు సిద్ధం కావడం, అది ముగిసేలోగా నివేదికల క్యూ పెరగడం, మళ్లీ అటే మళ్లడం. సర్వర్లన్నీ ఒకే క్షణంలో అవే అంకెలు చూసి అదే నిర్ణయం తీసుకుంటున్నందువల్ల, అన్నీ కట్టగట్టుకుని ఒక క్యూ మీద పడుతూ రెండోదాన్ని పూర్తిగా వదిలేస్తున్నాయి. లోడింగ్‌లో గడిచే సమయాన్ని కూడా డాష్‌బోర్డు పని కిందే జమ వేస్తోంది.

దీని లెక్క చాలా సులువు. ఒక్కో పనికి 1 సెకను, మారడానికి 2 సెకన్లు పడుతూ, ప్రతి 4 పనులకూ ఒకసారి మారితే, 6 సెకన్లలో జరిగేది 4 సెకన్ల పనే. అంటే సామర్థ్యం సుమారు 67 శాతమే, 70 శాతం భారానికే క్యూ అంతులేకుండా పెరుగుతుంది. అదే 20 పనులకు ఒకసారి మారితే సామర్థ్యం 91 శాతం దాకా నిలుస్తుంది. అందుకే మేము మరో క్యూకు మళ్లడానికి క్యూ పొడవులో ఒక హద్దు, తిరిగి రావడానికి అంతకంటే బాగా తక్కువైన మరో హద్దు పెట్టి, ఒకసారికి ఒక్క సర్వరే మారేలా చేశాము. తేలిక రోజుల్లో సందేశాల సగటు నిరీక్షణ కాస్త పెరిగింది, రద్దీ వేళల్లో రెండు క్యూలూ అదుపులో ఉన్నాయి. సగటు మాత్రమే చూసేవారు ఈ మార్పును నష్టమని కొట్టిపారేసేవారు.

భారం 100 శాతం లోపు ఉంటే వ్యవస్థ నిలకడగా ఉన్నట్టేనన్న నమ్మకం కూడా చాలామందిలో పాతుకుపోయింది. ప్రతి సర్వరు మీదా భారం ఆ హద్దు లోపలే ఉన్నా, ఏ పని ముందు చేయాలో చెప్పే ప్రాధాన్య నియమం సరిగా లేకపోతే క్యూలు హద్దు లేకుండా పెరగగలవని పరిశోధకులు రైబ్కో, స్టోల్యార్ 1992లోనే రెండు కేంద్రాల చిన్న నెట్‌వర్కుతో చూపించారు.

కాబట్టి ప్రతి సర్వరు సమయాన్నీ పని, మార్పిడి, ఖాళీ అని మూడుగా విడదీసి కొలవండి. నిరీక్షణను రెండు రకాల పనులకూ వేర్వేరుగా, సగటుతోపాటు నూటికి తొంభై అయిదు పనులు ఎంత సమయం లోపు ముగిశాయో కలిపి చూడండి. వ్యవస్థలో ఉన్న పనుల సగటు సంఖ్య, రాక రేటును ఒక్కో పని గడిపే సగటు కాలంతో గుణిస్తే వచ్చేదానికి సమానం కావాలన్న లిటిల్ సూత్రంతో మీ అంకెలను సరిచూడండి. దీర్ఘకాలపు సగటుల్లో అవి కలవకపోతే కొలిచే పద్ధతిలోనే లోపం ఉంది.

వ్యవస్థ మీదికి కావాలని పనులు పంపి అది ఎంత భారం తట్టుకుంటుందో చూసే లోడ్ టెస్ట్ విషయంలో నాకు పాత ఫిర్యాదు ఒకటి ఉంది. ముందు పంపిన పని ముగిశాకే తర్వాతిది పంపే పరికరాలతో పరీక్షిస్తే, వ్యవస్థ నెమ్మదించినప్పుడు రాకలూ నెమ్మదిస్తాయి, క్యూ ఎప్పటికీ బయటపడదు. బయటి నుంచి వచ్చే పనులు మన సర్వర్ల తీరిక చూసుకుని రావు. రాకలను సర్వరు జవాబుతో సంబంధం లేని సొంత గడియారం మీద పంపే పరికరాన్నే వాడండి.