దీర్ఘకాలిక నడుము నొప్పికి మందులు కాని మార్గాలు: నా అనుభవం

మూడేళ్లుగా నడుము నొప్పితో బాధపడుతున్నారని, మాత్ర వేసుకున్న కొద్దిసేపే ఉపశమనం ఉంటోందని, ఆక్యుపంక్చర్, యోగా, మూలికా మందులలో ఏదైనా మొదలుపెట్టి మాత్రలు పూర్తిగా మానేయవచ్చా అని మీరు అడిగారు. నేనూ చాలా ఏళ్లుగా ఇదే నొప్పితో జీవిస్తూ ఈ పద్ధతులలో చాలావరకు స్వయంగా చూసినవాడిని కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

ముందు మాత్రల సంగతి. దయచేసి వాటిని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటి మందులను, ఓపియాయిడ్ (నల్లమందు) జాతికి చెందిన బలమైన నొప్పి మందులను హఠాత్తుగా మానితే కొత్త ఇబ్బందులు మొదలవుతాయి; వాటిని వైద్యుని పర్యవేక్షణలో కొద్దికొద్దిగానే తగ్గించాలి. నేను వేరే పద్ధతులను మందులకు తోడుగా మొదలుపెట్టి, నడక, నిద్ర మెరుగుపడ్డాక మా వైద్యునితో మాట్లాడి మోతాదు తగ్గించుకున్నాను. అలాగే కాళ్లలో బలం తగ్గుతున్నా, మలమూత్రాలపై అదుపు తప్పుతున్నా, తొడల మధ్య భాగం మొద్దుబారుతున్నా, జ్వరం గానీ కారణం తెలియని బరువు తగ్గుదల గానీ ఉన్నా ఈ పద్ధతులన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది యోగా. మూడు నెలలు దాటిన నొప్పిలో నాడీ వ్యవస్థే అతిగా స్పందించడానికి అలవాటు పడి ఉండవచ్చని, ఎమ్మారైలో కనిపించే డిస్కు అరుగుదల ఏ నొప్పీ లేనివారిలో కూడా తరచుగా కనిపిస్తుందని మా ఫిజియోథెరపిస్టు వివరించినప్పుడు, కదిలితే ఏదో విరిగిపోతుందన్న భయం నాలో సగం తగ్గింది. ఆ భయం తగ్గాకే ఆసనాలు వేయగలిగాను. నడుము నొప్పి ఉన్నవారికి నేర్పిన అనుభవం గల గురువును వెతుక్కోవడం తప్పనిసరి. ఆయన నా చేత పశ్చిమోత్తానాసనం వంటి లోతైన ముందువంపులను చాలాకాలం చేయించలేదు, మార్జాలాసనం, సేతుబంధాసనం వంటి వాటితోనే మొదలుపెట్టించారు. తొలి వారాలలో నొప్పి కొంచెం పెరిగినట్టు అనిపించవచ్చు. కాలిలోకి పాకే నొప్పి గానీ తిమ్మిరి గానీ కొత్తగా వస్తే మాత్రం ఆ ఆసనం ఆపి గురువుకు, వైద్యునికి చెప్పాలి. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 320 మంది నడుము నొప్పి రోగులను పరిశీలించగా, యోగా చేసినవారికి దాదాపు ఫిజియోథెరపీ తీసుకున్నవారికి కలిగినంత మేలే కలిగింది. అదే ఏడాది అమెరికా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా దీర్ఘకాలిక నడుము నొప్పికి మాత్రలకంటే ముందు వ్యాయామం, యోగా, తాయ్ చీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం), ధ్యానం, ఆక్యుపంక్చర్ వంటి వాటిని ప్రయత్నించమని సూచించింది. ఈ మేలు ఒక మోస్తరుదే, అద్భుతం ఆశించకండి.

ధ్యానం విషయంలో నాకు మొదట కోపం వచ్చింది, నొప్పంతా నా మనసులోనే ఉందంటున్నారని అనిపించింది. ధ్యానం చేయమన్నవారి ఉద్దేశం అది కాదని కొన్నాళ్లకు అర్థమైంది. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో ప్రారంభించిన ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ, మామూలు చికిత్సతో ఊరట దొరకని దీర్ఘకాలిక రోగులను దృష్టిలో పెట్టుకున్నదే. పడుకుని పాదాల నుంచి తల వరకు ఒక్కొక్క భాగాన్ని గమనించే అభ్యాసం నా నొప్పిని పోగొట్టలేదు గానీ, రాత్రి నొప్పితో మెలకువ వచ్చినప్పుడు రేపటి పని ఎలా అన్న ఆందోళన పెరగకుండా మళ్లీ నిద్రలోకి జారుకోగలిగేలా చేసింది. నా దృష్టిలో అది చాలా పెద్ద లాభం.

ఆక్యుపంక్చర్ గురించి నా అభిప్రాయం అంత స్పష్టంగా ఉండదు. సూదులు వేయించుకున్న తర్వాత కొన్ని రోజులు హాయిగా ఉండేది, తర్వాత నొప్పి పాత స్థితికే వచ్చేది. ఆ హాయి ఎక్కువ కాలం నిలబడకపోవడంతో నేను ఆపేశాను. 2007లో ఫలితాలు వెలువడిన జర్మన్ అధ్యయనంలో ఆరు నెలల తర్వాత అసలు ఆక్యుపంక్చర్ పొందినవారిలో దాదాపు 48 శాతానికి, సరైన బిందువులు కాని చోట పైపైన సూదులు గుచ్చినవారిలో 44 శాతానికి, మామూలు చికిత్స పొందినవారిలో 27 శాతానికి మేలు కనిపించింది. అంటే మేలు నిజమే గానీ, సూది ఏ బిందువులో దిగిందన్నది పెద్ద తేడా తెచ్చినట్టు లేదు. అందుకే బ్రిటన్‌లో చికిత్సలపై మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికి దీనిని వద్దని చెప్పి, 2021లో స్పష్టమైన కారణం కనబడని దీర్ఘకాలిక నొప్పికి పరిశీలించవచ్చని చెప్పడం నాకు వింతగా తోచలేదు. ప్రయత్నించాలనుకుంటే ఒకసారి వాడి పారేసే సూదులే వాడుతున్నారా అని చూడండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. మర్దన వల్ల కలిగే సుఖం కూడా తాత్కాలికమే. మెడను విసురుగా తిప్పి విరిచే చికిత్సకు నేను ఒప్పుకోలేదు, అరుదుగానైనా మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

నోటితో తీసుకునే వాటి దగ్గరే నాకు అసలు ఆందోళన. మూలికలు కాబట్టి హాని ఉండదన్న మాట నిజం కాదు. 2008లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తులలో సుమారు ఐదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనబడింది. కర్క్యుమిన్ (పసుపులోని పదార్థం), అశ్వగంధ గుళికల వల్ల కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. ఎన్నేళ్ల నొప్పినైనా రెండు మూడు రోజులలో మాయం చేసే పొడి ఎవరైనా ఇస్తే, అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చని అనుమానించాలి. అలాంటివి గతంలో చాలాసార్లు పట్టుబడ్డాయి. అటువంటిది ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే కూడా హఠాత్తుగా ఆపకుండా, ఆ సీసాతోనే వైద్యుని దగ్గరకు వెళ్లండి, ఎందుకంటే అప్పటికి శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించుకుని ఉంటుంది. నాకు తెలిసినవారు ఒక పొడి తెచ్చిపెట్టినప్పుడు డబ్బా మీద దినుసుల పేర్లే లేవు. మా వైద్యుడు వద్దన్నారు, నేను తెరవలేదు.

ఇక మీరు ఎలా మొదలుపెట్టాలన్నది. ఒకేసారి రెండు మూడు పద్ధతులు చేపడితే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి, ముందు యోగా ఒక్కటే ఎనిమిది వారాలు చేయండి. ప్రతిరోజూ నొప్పికి మార్కులు వేసుకోవడం వల్ల మనసంతా దాని మీదే ఉంటుంది. దానికి బదులు వారానికోసారి ఎంతసేపు కూర్చోగలిగారు, ఎంత దూరం నడిచారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది అన్నవి రాసి పెట్టుకోండి. ఆ గడువులోగా వీటిలో ఏదీ మెరుగుపడకపోతే మొహమాటపడకుండా ఆపి, తర్వాత ధ్యానాన్ని ప్రయత్నించండి. ఆ కాగితాన్నే మీ వైద్యునికి చూపించి, మాత్రల మోతాదు తగ్గించడం గురించి అప్పుడు అడగండి.