1880ల నాటి బ్రిటిష్ వాణిజ్య నావికుడి సర్వీసు రికార్డు ఎందుకు దొరకదు?

1880లలో బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో పనిచేసిన ముత్తాత పేరుతో సర్వీసు రికార్డు ఎంత వెతికినా కనబడటం లేదని అడిగారు. అటువంటి రికార్డు అసలు తయారు కాలేదు. యుద్ధ నౌకాదళంలో చేరినవాడు ప్రభుత్వోద్యోగి. వాణిజ్య నావికుడు మాత్రం ఒక్కొక్క ప్రయాణానికి విడిగా ఒప్పందం రాసుకునే కూలీ. పైగా 1857 నుంచి 1913 వరకు సాధారణ నావికులకు కేంద్ర రిజిస్టరు లేదు. మేట్లు (కెప్టెన్ కింది అధికారులు), కెప్టెన్ల అర్హతా పత్రాల రికార్డులు వేరుగా ఉన్నాయి.

కాబట్టి మనిషిని కాకుండా ఓడను వెతకాలి. ఓడ పేరు తెలిస్తే దాని అధికారిక సంఖ్యను పట్టుకోవాలి, ఎందుకంటే ఒకే పేరుతో అనేక ఓడలుండేవి గానీ ఆ సంఖ్య ఒక్కదానికే చెందుతుంది. ఆ సంఖ్య ఆధారంగా దొరికే సిబ్బంది ఒప్పంద పత్రంలో నావికుడి వయస్సు, పుట్టిన ఊరు, హోదా, జీతం, చేరిన తేదీ, దిగిన తేదీ ఉంటాయి. అన్నిటికంటే విలువైనది అంతకు ముందు పనిచేసిన ఓడ పేరు రాసే గడి. దాని సాయంతో ఒక్కొక్క ప్రయాణం చొప్పున వెనక్కి వెళ్లవచ్చు. వయస్సును మాత్రం పూర్తిగా నమ్మవద్దు, నావికుడు నోటితో చెప్పినదే గుమాస్తా రాసుకునేవాడు.

ఈ పత్రాల్లో అత్యధిక భాగం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ విశ్వవిద్యాలయంలో ఉంది. పది శాతం నమూనా లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ, 1875, 1885 వంటి అయిదుతో ముగిసే సంవత్సరాలవి గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలోనూ ఉన్నాయి.