డెమో సెట్టు వద్దు, క్లిప్పులతో మొదలుపెట్టండి

ప్రశ్న: మాది అమలాపురం. నాన్నగారి మందుల ఏజెన్సీ ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. చిన్న నర్సింగ్ హోముల్లో కూడా గాల్‌బ్లాడర్, హెర్నియా ల్యాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో లోపల చూస్తూ) చేసేస్తున్నారు కదా, ఆ సామాన్ల డీలర్‌షిప్ తీసుకుందామని ఉంది. డెమోకి ఒక కెమెరా సెట్టు కొనిపెట్టుకోమంటున్నాడు కంపెనీ మనిషి. దిగొచ్చా?

జవాబు: దిగండి, కానీ ఆ సెట్టు మాత్రం మీ డబ్బుతో వద్దండి. కెమెరా, మానిటర్, లైట్ సోర్సు, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించే మిషను, ఇవన్నీ ఆసుపత్రి ఒకసారి కొంటే ఏళ్లపాటు వాడుతుంది. పైగా కార్ల్ స్టోర్జ్, ఒలింపస్, స్ట్రైకర్ లాంటి పెద్ద కంపెనీల మనుషులు సర్జన్లతో నేరుగానే మాట్లాడుకుంటారు, మధ్యలో మీకు మిగిలేది తక్కువ.

రోజూ తిరిగే సరుకు వేరు. ట్రోకార్లు (రంధ్రాల్లో దూర్చే గొట్టాలు), నాళాలు బిగించే టైటానియం క్లిప్పులు, హెర్నియాకి వేసే వలలాంటి మెష్, కుట్టుదారం. అయితే గాల్‌బ్లాడర్‌కి మామూలుగా నాలుగు రంధ్రాలు కాబట్టి ఆపరేషన్‌కి నాలుగు ట్రోకార్లు అమ్ముడుపోతాయని లెక్కలేసుకోకండి. స్టీలువైతే ఆటోక్లేవ్‌లో పెట్టి, ఆవిరితో శుద్ధి చేసి, మళ్లీ మళ్లీ వాడతారు. ఒక్కసారికే అని రాసున్నవాటిని కూడా ఈటీఓ (గ్యాసుతో శుద్ధి) చేయించి వాడేవాళ్లున్నారు, అది తప్పే, కానీ మీ అమ్మకాల లెక్కలో అదీ ఉంటుంది. క్లిప్పులు, మెష్ అలా కాదు, పేషెంటు ఒంట్లోనే ఉండిపోతాయి కాబట్టి ప్రతి కేసుకీ కొత్తవి కావాల్సిందే. పేగుని పిన్నులతో కుట్టే స్టేప్లర్లు ఖరీదైనవి, పేగుల ఆపరేషన్లు ఎక్కువగా చేసే కాకినాడ, రాజమండ్రి పెద్దాసుపత్రుల నుంచి ఆర్డరొస్తేనే తెప్పించండి, లేకపోతే ఎక్స్‌పైరీ అయిపోయి మీ బీరువాలోనే ఉంటాయి.

అసలు టెన్షన్ అప్పులతోనే. మన భీమవరం వైపు రొయ్యల మేత అరువులాంటిదే ఇదీనూ, పట్టుబడి అయితేగానీ డబ్బు రాదు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కేసులకి ప్యాకేజీ సొమ్ము ఆలస్యమైతే ఆసుపత్రి ముందు ఆపేది మీ బిల్లే. ఎవరికి ఎంతవరకు అరువివ్వాలో మొదటిరోజే గీత గీసుకోండి.

2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికొచ్చాయి. బ్యాచ్ నంబరు లేని బిల్లుతో, చవగ్గా వస్తుందని, మెష్ దింపుకోకండి. సరుకు తెప్పించేలోపే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకెళ్లి మీ లైసెన్సు దీనికి సరిపోతుందో లేదో అడగండి.

ఇంకోటి. కెమెరాకి తగిలించి పొట్టలోకి పెట్టే టెలిస్కోపు కింద పడితే లోపలి గాజు కడ్డీలు పగులుతాయి, లైట్ కేబుల్లో తీగలు తెగేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. రేపు పొద్దున కేసుందనగా ఈ రాత్రికి స్పేర్ టెలిస్కోపు ఎవరు పంపిస్తారో ఆ కంపెనీ మనిషినే అడిగి, సంతకంతో కాగితం మీద రాయించుకోండి.